మన కాళ్ల కింది చైను

చైను అనగానే మనకు ముందు మెడలోదే గుర్తొస్తుంది. దాని కొక్కెం వదులైందని తెలిస్తే ఆ సాయంత్రమే కంసాలి దగ్గరికి పోతాం. బండి చైను మాత్రం మగవాళ్ల వ్యవహారమని వదిలేస్తాం. కానీ చూడండి, స్ప్లెండర్ లాంటి బండ్లకు చైను ఎడమ వైపు ఉంటుంది. చీర కట్టుకుని మనం ఒకవైపుగా కూర్చునేదీ ఎడమ వైపే. మన పాదాల కింద, కుచ్చిళ్ల పక్కన తిరిగేది అదే.

మాది బేతంచెర్ల. 2022లో నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా కర్నూలు జిల్లానే. నా పుట్టిల్లు కడప జిల్లా ఎర్రగుంట్ల. రెండూ బండల ఊళ్లే. పొద్దున తుడిచిన గూట్లో సాయంత్రానికి మళ్లీ తెల్లటి పొడి. మా ఆయన బండల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. 2006లో కొన్న హీరో హోండా స్ప్లెండరే మా ఇంటికి వాహనం. 2011లో కంపెనీ పేరు మారింది గానీ, మా బండి మీద మాత్రం ఆ పాత పేరే.

పోయిన ఎండాకాలంలో బండి వెనక నుంచి కటకటమని చప్పుడు మొదలైంది. క్లచ్ వదిలినప్పుడల్లా ఒక కుదుపు. నడిపే మనిషికి హ్యాండిల్ పట్టు ఉంటుంది, వెనక కూర్చున్నవాళ్లకు నడుములోనే తెలుస్తుంది. చూపించండి అంటే, "ఇంగో నెల పోతాదిలేమ్మే" అన్నారు ఆయన. పాలిటెక్నిక్ చదివే మా అబ్బాయి ఇంకో సలహా ఇచ్చాడు. "మా, ఆ చైన్ కవరు, చీర గార్డు పీకేస్తే సరి. బండి కూడా స్టైల్‌గా ఉంటాది."

ఆయన ఆలోచన ఖర్చు గురించి. నా ఆలోచన మా రోడ్డు మీద వెనకే వచ్చే బండల లారీల గురించి. చైను పళ్ల మీది నుంచి జారి ఇరుక్కుంటే వెనక చక్రం ఉన్నపళాన బిగుసుకుపోవచ్చు. అందుకే ఆదివారం మెకానిక్ షెడ్డుకు నేనూ వెళ్లాను.

ఆయన బండికి డబుల్ స్టాండ్ వేసి, కవరు విప్పి, వెనక పళ్ల చక్రం మీది చైనును రెండు వేళ్లతో వెనక్కి లాగాడు. అది లేచి, కింద పళ్లు సగం కనబడ్డాయి. "సూడుక్కా, పండ్లు కొడవలి మాదిరి వంగిపోయినాయి" అన్నాడు. కొత్త చైనైతే అలా లేవదట. ఇనుము సాగిందనుకున్నాను నేను. సాగేది ఇనుము కాదు. నూరు పైచిలుకు లింకుల్లో ప్రతి పిన్నూ కొంచెం కొంచెం అరుగుతుంది, ఆ కొంచేలన్నీ కలిసి చైను పొడవవుతుంది.

పళ్ల చక్రాలను అట్ట మీద స్ప్రాకెట్ అని రాస్తారు, మా షెడ్లలో చైన్ సాకెట్ అంటారు. మా బండికి ముందుది 14 పళ్లు, వెనకది 44. వెనకది ఒక చుట్టు తిరిగేలోపు ముందుది మూడు చుట్లకు పైనే తిరుగుతుంది. చైను ఒక్కటి మారిస్తే చాలదా అని ఆయన అడిగితే, మెకానిక్ వద్దన్నాడు. అరిగిన పళ్లు కొత్త చైనును తొందరగా తినేస్తాయి. అరిగిన రోట్లో కొత్త పొత్రం వేసినట్టే. మూడూ కలిపి మార్చాం. హబ్బులో కుదుపును మింగే రబ్బరు ముక్కలుంటాయి, అవి గట్టిపడిపోయాయని అవీ మార్చాడు. కూలీతో కలిపి 1500 రూపాయల లోపే అయింది.

చైను రెండు కొసలు కలిపే లాకుకు చిన్న క్లిప్పు ఉంటుంది, చేప ఆకారంలో. మూసుకున్న తల వైపు చైను పోయే దిక్కుకు ఉండాలి, తెరుచుకున్న తోక వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడిపోవచ్చు. తర్వాత వెనక ఇరుసు నట్టు వదులు చేసి, రెండు వైపులా ఉన్న బిగింపులను ఒకే లెక్కన తిప్పాడు. గీతలు రెండు వైపులా సమంగా లేకుంటే చక్రం వంకరగా నిలబడుతుంది. చైను బిర్రుగా ఉండకూడదు. మనం కూర్చున్నప్పుడు అది ఇంకా బిగుస్తుంది కదా. కింది చైను నడిమధ్యన వేలితో ఎత్తితే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. సరైన లెక్క బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చక్రం జరిగింది కాబట్టి చివర్లో వెనక బ్రేకు కూడా సరిచూశాడు.

అబ్బాయి సలహాకు జవాబు అక్కడే దొరికింది. కవరు లేకుంటే బండల పొడంతా చైను మీదే. నూనె, పొడి కలిస్తే పాలిష్ పట్టే ముద్దలాగే ఇనుమును అరగదీస్తుంది. ఇక చీర గార్డు మన కొంగు కోసమే పుట్టింది. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం కప్పి ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. "అది నా సీటు బెల్టురా" అన్నాను. వాడు నవ్వాడు గానీ పీకలేదు.

ఇప్పుడు నెలకొకసారి ఆ పని వాడిదే. కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, లోపలి వైపు గేరు ఆయిల్ చుక్కలుగా వేసి, కారేది తుడిచేస్తాడు. ఇంజను ఆపి, చక్రం చేత్తో తిప్పుతూనే చెయ్యాలన్నది నా షరతు. ఇంజను నడుస్తుండగా గుడ్డ పెడితే వేళ్లు పోతాయి.

స్పానర్ పట్టడం మనకు రాకపోయినా ఫర్వాలేదు. కటకట చప్పుడు, క్లచ్ వదిలితే కుదుపు, వేలితో లాగితే లేచే చైను, ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. ఇంకో నెల పోతుందిలే అని మీ ఇంట్లో అన్నా, ఆ వారమే షెడ్డుకు పంపండి. కొత్త బండి కొంటే చీర గార్డు ఉందో లేదో షోరూములోనే చూసుకోండి. వెనక కూర్చునేది మనమే కదా.