ఖాలా ఫోన్, 45 వాట్ల చార్జర్

బన్సీలాల్‌పేట్‌లో 2022 డిసెంబరులో మెట్ల బావి బాగుచేసి మళ్లీ తెరిచినప్పుడు కూడా ఇంత బహస్ జరగలేదు. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఒకటే గొడవ. పిల్లలకు పెద్ద చార్జర్ కావాలి. పెద్దలకు దాన్ని చూస్తేనే ఖౌఫ్. ఆ ఖౌఫ్ ఉత్తినే పుట్టలేదు. అదే సాల్ సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్ మంటల్లో 8 మంది చనిపోయారు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉండేది. అప్పట్నుంచి బ్యాటరీ మాట వస్తే చాలు, తౌబా తౌబా అంటారు.

మా పక్కింటి ఖాలా కొడుకు జిద్దా నుంచి ఫోన్ పంపాడు. డబ్బాలో చార్జర్ లేదు. 2020లో ఐఫోన్ 12తో మొదలైన రివాజ్ అది, తర్వాత మిగతావాళ్లూ అందుకున్నారు. పాపం విడిగా 45 వాట్లది కొని పంపాడు. ఖాలా దాన్ని అల్మారాలో పెట్టి, పాత 10 వాట్లదే వాడుతోంది. వీడియో కాల్ మధ్యలో ఫోన్ ఆగిపోతుంది, అక్కడ కొడుకు పరేషాన్. "బేటా, ఇత్తా బడా చార్జర్ లగాయే తో ఫోన్ జల్ జాతా క్యా?" అని నన్నడిగింది.

జలదు ఖాలా. దస్తర్‌ఖాన్ మీద డేగ్ ఎంత పెద్దదైనా మెహ్మాన్ తన భూక్ మేరకే తింటాడు. వాట్లంటే వోల్టుల్ని ఆంపియర్లతో గుణించిన హిసాబ్: 5 వోల్టులు, 2 ఆంపియర్లు అయితే 10 వాట్లు, 9 వోల్టులు, 3 ఆంపియర్లు అయితే 27. చార్జర్ మీద రాసింది అది ఇవ్వగలిగినంత. ఎంత తీసుకోవాలో ఫోన్ నిర్ణయిస్తుంది. 25 వాట్ల ఫోన్‌కు 45 వాట్లది పెట్టినా 25కు మించి తీసుకోదు.

అయితే ఇద్దరికీ ఒకే జుబాన్ రావాలి. కొన్ని కంపెనీల 65, 67 వాట్ల చార్జర్లు తమ ఫోన్‌తో తమ సొంత బోలీలో మాట్లాడతాయి. వేరే ఫోన్‌కు పెడితే బాత్ కుదరక చాలాసార్లు మామూలు 10 వాట్ల దగ్గరే ఆగిపోతాయి. "పెద్ద చార్జర్ కొన్నా స్లోగానే ఉంది భాయ్" అనే షికాయత్‌కు అసలు వజహ్ ఇదే. కేబుల్ నాసిరకమైనా అంతే.

ఇంకోటి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో దాదాపు 19 వాట్-అవర్లు పడతాయి. 10 వాట్లతో నింపితే రెండు గంటలు దాటక తప్పదు. పెద్ద చార్జర్‌తో మొదటి సగం చకచకా నిండుతుంది, చివర్లో నెమ్మదిస్తుంది. నల్లా కింద బిందె అంచుదాకా వస్తుంటే మనం ధార తగ్గించమా? ఫోన్ చేసేదీ అదే.

మరి బ్యాటరీ జిందగీ? ఫాస్ట్ చార్జింగ్‌తో వేడి కొంచెం ఎక్కువే, ఫర్క్ లేదనను. మగర్ అసలు దుష్మన్ వాట్లు కాదు, గర్మీ. నూటికి నూరు నిండి, వేడిగా గంటల తరబడి ఉండటం. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాడమని కంపెనీయే చెబుతుంది. మన మే నెల 40 దాటుతుంది. అందులో సహరీ అలారం కోసం ఫోన్‌ను చార్జింగ్‌లోనే తకియా కింద పెట్టుకుంటాం! ఫోన్‌లో 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే రాత్రిపూట అది పెట్టుకోండి.

గల్లీలో డెలివరీ చేసే కుర్రాళ్లకు ఈ నసీహత్ చెప్పను. ఇఫ్తార్ వేళ దొరికే అరగంటలో సగం చార్జ్ ఎక్కకపోతే ఆ రాత్రి రోజీ పోతుంది. బ్యాటరీ ఆరు నెలలు ముందు అరిగితే అరగనీ.

ఖాలా చార్జర్‌తో ఖత్రా వేరే చోట ఉంది. సౌదీ నుంచి వచ్చింది కదా, దానికి మూడు చదరపు పిన్నులు. మన సాకెట్‌లో పట్టదని ఇరవై రూపాయల కన్వర్టర్ తగిలించారు. అది వదులుగా ఊగుతూ చిటపటమంటోంది. దాన్ని తీసి పారేయించాను. ఇక్కడే బిల్లుతో 25 వాట్లది కొనమన్నాను, బీఐఎస్ ముద్ర కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉండాలని చెప్పి. ఆ నంబరు నిజమో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. దుకాణ్‌వాలా మొహం చిట్లించినా సరే, డబ్బులివ్వక ముందే చూడండి.