మొదటి చాయ

2016లో, కామారెడ్డి జిల్లా అయిన కొత్తలో, అక్కడి ఓ కాలేజీలో నాకు ఉద్యోగమొచ్చింది. ఎల్లారెడ్డిలో బస్సెక్కిస్తూ అమ్మ చెప్పింది: “మొదటి దినమే చాయ మంచిగ పెట్టకు బిడ్డా, జన్మంత నీతోనే పెట్టిస్తరు.” సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, నన్ను చాయ అడిగేదెవరని నవ్వాను.

వారం తిరక్కుండానే అతిథులొచ్చారు. స్టాఫ్‌రూంలో మగవాళ్లంతా నావైపే చూశారు. చక్కెరకు బదులు ఉప్పేశాను. మళ్లీ ఎవరూ అడగలేదు.

సంక్రాంతికి వెళ్లి చెప్తే అమ్మ పడీ పడీ నవ్వింది.

“నీకెవరూ చెప్పలేదా అమ్మా?”

బీడీలకు తునికాకు కత్తిరిస్తూనే అంది: “మీ అమ్మమ్మ చెప్పింది. కానీ మీ నాయిన మొదటి చాయ తాగి మంచిగున్నదన్నడు. గంతే, మర్శిపోయిన.”

అప్పటికి ముప్ఫై ఏళ్లు. ఆ మాట నాన్న మళ్లీ అనలేదట. చాయ మాత్రం రోజూ అడుగుతూనే ఉన్నాడు.