ఖాళీ కడుపుతో పంజాగుట్టకు...

సూర్యాపేటలో తెల్లవారుజామున బస్సెక్కితే పొద్దు పొడిచేసరికి ఎల్బీనగర్‌లో దిగొచ్చు. అక్కడ మెట్రో ఎక్కితే పదిహేనో స్టేషను పంజాగుట్ట. ఆగస్టులో ఓ సోమవారం మా అక్కను తీసుకుని ఆ దారినే బయల్దేరాను. సీటు దొరికిన రెండు నిమిషాలకే అక్క నిద్రలోకి జారింది. దిల్‌సుఖ్‌నగర్ రాకముందే గురక! ఎదురుగా ఉన్న కాలేజీ పిల్లలు మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాను. ఎవరో తెలియనట్టు... సొంత అక్కను!

ఈ సంగతి ముందే ఒప్పుకోవాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

అక్కకు నలభై మూడేళ్లు. బరువు తగ్గే ఆపరేషనుకు ముందు చేయించాల్సిన పరీక్షల కోసం వచ్చింది. ఇంట్లో మాత్రం 'కంటి పరీక్ష' అని చెప్పింది. నిజం తెలిసింది బావకూ నాకూ మాత్రమే. 'తిండి తగ్గించుకోలేక కడుపు కోయించుకుంటదట' అని అత్త అంటుందేమోనని ఆమె భయం.

ఇడ్లీబండి ఎదురుగా ఉపవాసం

పంజాగుట్టలో మెట్రో దిగి సోమాజిగూడ వైపు నడిస్తే అదో వేరే ఊరు. ఇటు నిమ్స్, అటు వరుసగా కార్పొరేట్ ఆసుపత్రులు. వాటి నీడన మందుల షాపులు, ల్యాబులు, లాడ్జీలు, కొబ్బరిబోండాల బళ్లు. చేతిలో ఎక్స్‌రే కవరు లేని మనిషి కనిపిస్తే ఆశ్చర్యపోవాలి. ఏ సందులోకి తొంగిచూసినా రెండు మూడు జిల్లాల యాస వినిపిస్తుంది.

ఆసుపత్రి గేటు ఎదురుగా ఇడ్లీబండి పొగలు కక్కుతోంది. గేటు లోపల రాత్రి నుంచీ ఏమీ తినని వాళ్లు రక్తమివ్వడానికి వరుస కట్టారు. 'వీడికి ఇంకో జాగ దొరకలేదారా?' అంది అక్క.

లోపల మొదటి మజిలీ కాంటా. మామూలు కాంటా కాదు, నేలకు సమంగా ఉన్న వెడల్పాటి పలక. ఇంట్లో ఉన్న బరువు మిషను ఎక్కి అక్కకు ఐదేళ్లయింది. చెప్పులు విప్పింది. గాజులు కూడా తీయబోతే నర్సు నవ్వి వద్దంది. 108 కిలోలు. ఎత్తు 155 సెంటీమీటర్లు. బరువును, మీటర్లలో ఎత్తును రెండుసార్లు పెట్టి భాగిస్తే వచ్చేది బీఎంఐ. అక్కది 45.

ఎవరికి ఈ ఆపరేషను? 1991లో అమెరికా వైద్యులు గీసిన గీత చాలాకాలం చెల్లింది. బీఎంఐ 40 దాటాలి, లేదా షుగరు, బీపీ లాంటి జబ్బులుంటే 35. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు దాన్ని మార్చాయి. జబ్బులున్నా లేకున్నా 35 చాలన్నాయి. మన ఆసియావాళ్లకు తక్కువ బరువుకే షుగరు వస్తుంది కాబట్టి ఇంకా ముందే, 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. బీమా సంగతి వేరు. 2019లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో పాత గీతే ఉంది. బీఎంఐ 40, లేదా తీవ్రమైన గుండెజబ్బు, అదుపులేని షుగరు, నిద్రలో ఊపిరాగే జబ్బు లాంటివి ఉంటే 35. కాబట్టి పాలసీ కాగితాలు ముందే చదువుకోవాలి.

అంతస్తుకో ఊరు

ఆ తర్వాత రెండు రోజులు ఆ ఐదంతస్తుల భవనంలో మేం చేసింది యాత్రే. కింద ల్యాబులో గొట్టాలకు గొట్టాలు రక్తం. షుగరు, మూడునెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాలు, థైరాయిడ్, లివరు, కిడ్నీలు. వీటితోపాటు ఇనుము, బీ12, డీ విటమిన్లు కూడా. 'ఇంత లావున్నదానికి విటమిన్లు తక్కువుంటయా?' అని అక్కకు అనుమానం. ఉంటాయట. లావుగా ఉన్నంత మాత్రాన పోషణ ఉన్నట్టు కాదు. ఆపరేషను తర్వాత తిండి తగ్గుతుంది, జీవితాంతం విటమిన్లు వేసుకోవాలి. లోటేదైనా ఉంటే ముందే పూడ్చాలి.

మొదటి అంతస్తులో ఈసీజీ, టూడీ ఎకో. పక్కగదిలో కడుపు స్కానింగు. పిత్తాశయంలో రాళ్లున్నాయా, లివరుకు కొవ్వెంత పట్టిందీ తెలిసేది అక్కడే. రెండో అంతస్తులో ఎండోస్కోపీ. గొంతులో చేదు మందు కొట్టి సన్నటి గొట్టం దింపారు. హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి ఉందని తేలింది. పుండ్లు పుట్టించే ఆ క్రిమిని చంపడానికి రెండు వారాల మందులు రాశారు.

మూడో అంతస్తులో మానసిక వైద్యురాలు. అక్క అక్కడికి రానంది. 'నేనేమన్న పిచ్చిదాన్నా?' అంది. బతిమాలి కూర్చోబెట్టాను. డాక్టరమ్మ మెల్లగా అడిగింది. 'కోపమొస్తే ఏం చేస్తారు?'

'వంట జేస్త.'

'బాధేస్తే?'

'జేసింది తింట.'

ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే అక్క కొంగు కళ్లకద్దుకుంది. అందరూ తిన్నాక, నిలబడి, గిన్నెల్లో మిగిలింది పారేయలేక తినడం ఇరవయ్యేళ్లుగా అలవాటట. కడుపు చిన్నదైనా ఆ అలవాటు పోదు, ఆపరేషనుకు ముందే దాన్ని పట్టుకోవాలి అందావిడ. ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో, ఎందుకు తింటుందో రోజూ రాయమని చిన్న పుస్తకం చేతికిచ్చింది.

ఆ రాత్రి

రెండోరోజు రాత్రి నిద్ర పరీక్ష. తలకు, ఛాతీకి, వేలికి, ముక్కు దగ్గర తీగలు అంటించి పడుకోమన్నారు. 'పండుకునుడు గూడ పరీక్షేనారా? గీ ఒక్కదాంట్ల నాకు నూటికి నూరు' అంది. నేను బయట కుర్చీలో తెల్లార్లూ కునికాను.

మర్నాడు రిపోర్టు వచ్చింది. గంటకు సగటున 46 సార్లు ఆమె ఊపిరి ఆగుతోంది లేదా బాగా తగ్గుతోంది. 30 దాటితేనే తీవ్రం అంటారు. గొంతులో కండరాలు వాలిపోయి గాలిదారి మూసుకుంటుంది. ఊపిరందక మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మళ్లీ నిద్ర, మళ్లీ ఉలికిపాటు. మనిషికి తెలియకుండానే రాత్రంతా ఇదే తంతు.

'అంటే... నేను రాత్రి పండుకుంటలేనా సార్?' అని అడిగింది అక్క.

'లేదమ్మా. చాలా ఏళ్లుగా మీరు సరిగా నిద్రపోయి ఉండరు' అన్నాడు డాక్టరు.

అక్క ఆ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. 'నిద్రమొహం అన్నరు గదరా నన్ను. తిని పంటదన్నరు. నువ్వు గూడ అన్నవ్.'

అన్నాను. రెండ్రోజుల కిందట మెట్రోలో కిటికీలోంచి బయటికి చూసిందీ నేనే.

మత్తు డాక్టరు ఆపరేషను వాయిదా వేశాడు. ఇలాంటివాళ్లకు మత్తు దిగే వేళ ఊపిరి చిక్కొచ్చే ప్రమాదం ఎక్కువట. ముందు ఆరువారాలు రాత్రిళ్లు సీప్యాప్ మిషను పెట్టుకోవాలన్నాడు. ముక్కుకు మాస్కు తొడిగి, గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూసే యంత్రమది. అక్కకు కోపమొచ్చింది. దసరాకు ముందే అంతా అయిపోవాలనుకుంది మరి. 'గింత గుచ్చి గుచ్చి సూసి ఇంటికి పొమ్మంటరా?' అని రుసరుసలాడింది. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. ఈ పరీక్షలు ఆపరేషనుకు అడ్డం పెట్టిన గోడ కాదు. వైద్యం అక్కడే మొదలైంది.

మళ్లీ అదే దారి

మిషను సూర్యాపేట చేరిన మూడోరోజు అర్ధరాత్రి అక్క అత్త లేచొచ్చి లైటు వేసిందట. 'గురక ఇనబడకపాయె. పానం ఉన్నదో లేదోనని గుబులు పట్టింది' అందట. ముక్కుకు మాస్కుతో కోడలు! ఇక దాచడానికేముంది? అంతా చెప్పేసింది. పెద్దావిడ కాసేపు మాట్లాడలేదట. 'ముందే జెప్తే నేను గూడ తోడు వద్దును గదనే' అందట చివరికి.

ఆపరేషనుకు రెండు వారాల ముందు నుంచి పథ్యం. అన్నం బంద్. ప్రొటీను పొడి, గుడ్డు తెల్లసొన, మజ్జిగ, కూరగాయల సూపు. కడుపు మీద కప్పినట్టుండే లివరు ఎడమ భాగం కొవ్వుతో ఉబ్బి ఉంటే సర్జనుకు దారి దొరకదు. తక్కువ పిండిపదార్థాలతో రెండు వారాలు గడిపితే అది కుంచించుకుంటుంది. షుగరు మాత్రలు కూడా డాక్టరు చెప్పిన ప్రకారం తగ్గించుకోవాలి. సరిగ్గా అప్పుడే సద్దుల బతుకమ్మ! పులిహోర, నువ్వులపొడి సద్దులన్నీ అక్కే కలిపింది. ఒక్క ముద్దా నోట్లో పెట్టలేదు. చిన్న పుస్తకంలో ఆ రోజు ఒకే వాక్యం రాసుకుంది: 'ఏడుపొచ్చింది, తినలె, ఆడిన.'

పండుగ వెళ్లాక ఆసుపత్రిలో చేర్చడానికి మళ్లీ ఎల్బీనగర్‌లో కలిశాం. ఈసారి ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఎంజీబీఎస్ దగ్గర మూసీని చూసి 'గిది పోయినసారి లేకుండెనా?' అంది. ఉందన్నాను. ఒక్కో స్టేషను పేరూ పైకే చదివింది. ఎర్రమంజిల్ రాగానే 'అంత ఎర్రగుంటదా?' అనడిగింది. ఎర్రగడ్డ అనే గుట్ట మీద నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టిన మేడ అది, ఇరం అంటే స్వర్గం అని చెప్పాను. 2019లో దాన్ని పడగొట్టి అసెంబ్లీ కడతామంటే హైకోర్టు కుదరదందని కూడా చెప్పాను. 'కోసేటందుకు ముందు గాళ్లు గూడ అన్ని పరీక్షలు జేసిన్రన్నమాట' అని నవ్వింది.

నెత్తురు కారడం, కుట్ల దగ్గర లీకవడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం... ప్రమాదాలన్నీ సర్జను ముందే వివరించాడు. సంతకం పెట్టేముందు అక్క ఆ కాగితం పూర్తిగా చదివింది. కాంటా 102 చూపించింది. నర్సు అడిగింది, 'తోడు ఎవరమ్మా?' అని.

'నా తమ్ముడు. మా అత్త గూడ ఎనక బస్సుల వస్తున్నది' అంది అక్క.

గేటు బయట ఇడ్లీబండి మీద పొగ లేస్తూనే ఉంది. అక్క అటు చూసి, నా వైపు తిరిగింది. 'నువ్వు పోయి తినిరా. నాకోసం ఎండకు' అంది.