నల్లమలలో నాలుగు రోజులు

సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, మన ఇళ్ళల్లో ప్రయాణాల ప్రస్తావన మొదలవుతుంది. ఒకరు కాశ్మీరు అంటారు. ఇంకొకరు ఉదకమండలం అంటారు. లోయలు, సరస్సులు, కోటలు చూడాలంటే అంత దూరం పోక తప్పదని మనలో ఒక నమ్మకం పాతుకుపోయింది. హిమాలయాలను తక్కువ చెయ్యడం నా వుద్దేశం కాదు. కాని చేతిలో నాలుగు రోజుల సెలవు, సంచిలో లెక్కపెట్టిన డబ్బు వున్న సంసారికి ఈ నాలుగూ ఒకే దారిలో, మన కృష్ణ ఒడ్డునే దొరుకుతాయి. లేనిదల్లా మంచు ఒక్కటే.

మాది త్రిపురారం. మిర్యాలగూడకూ హాలియాకూ నడుమ వున్న వూరు. ఇవాళ మా వైపు వచ్చినవారికి కనుచూపుమేర వరిమళ్ళు, మిర్యాలగూడ దారి పొడుగునా బియ్యం మిల్లులు కనిపిస్తాయి. ఈ పచ్చదనం పాతది కాదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరం కాలువలకు నీరు వదిలేదాకా ఇది జొన్న, సజ్జ, ఆముదం పండే మెట్టనేల. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. దానిమీది పెద్దదేవులపల్లి జలాశయం మా మండలంలోనే వుంది. అందుచేత మా ప్రయాణానికి నేను వేసిన పథకం చాలా సులువైనది. మా మడిలోకి వచ్చే నీటికి ఎదురుగా, అది వచ్చిన దారినే పైకి వెళ్ళడం.

కిందటి డిసెంబరు చివర అద్దె కారులో బయలుదేరాం. నేను, నా భార్య, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, మా పెద్దనాయన. ఆయనకు డెబ్బై దాటాయి. వూళ్ళోకి కాలువ వచ్చిన కొత్తలో పలుగూ పారా పట్టి పిల్లకాలువలు తవ్వినవారిలో ఆయన ఒకరు. ఆనకట్టను దూరాన్నించి ఒకటి రెండు సార్లు చూశారు గాని, దాని వెనక ఏముందో ఎన్నడూ చూడలేదు.

హాలియా మీదుగా సాగరం చేరేసరికి పొద్దెక్కింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. 26 గేట్లు. ఇంత పెద్ద కట్టడాన్ని రాతిపనితో కట్టారంటే అందులో యంత్రాలకంటె మనుషుల చేతులే ఎక్కువ పని చేశాయన్నమాట. నిండు జలాశయం మట్టం 590 అడుగులు. మేము వెళ్ళిన రోజున నీరు బాగానే వుంది. నీలంగా, నిశ్చలంగా, కొండల కాళ్ళదాకా పరుచుకుని, ఇది మనుషులు చేసిన సరస్సంటే నమ్మబుద్ధి కాలేదు.

లాంచీలో నాగార్జునకొండకు సుమారు ముప్పావుగంట ప్రయాణం. ఇప్పుడది ద్వీపం. ఒకప్పుడు మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ కాపలా కాసిన విశాలమైన లోయలో నిలబడ్డ కొండ. ఆ లోయలోనే క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వుండేది. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు ఏలిన నగరం. రాజులు అశ్వమేధం చేస్తే రాణులూ ఆడపడుచులూ బౌద్ధ చైత్యాలకు దానాలు చేశారు. ఒకే ఇంట్లో రెండు మతాలు పొరపొచ్చాలు లేకుండా సాగాయి. 1926లో ఈ శిథిలాలు పండితుల కంటబడ్డాయి. ఆ తరవాత లాంగ్ హర్స్ట్ తవ్వకాలు జరిపాడు. ఆనకట్ట నిర్ణయమయ్యాక, నీరు ముంచెత్తేలోగా చేయగలిగినంత చేయాలని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యాన లోయనంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను ఇటుక ఇటుకగా, రాయి రాయిగా తీసుకుపోయి కొండమీదా, కుడిగట్టున అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. అనుపులోని రంగస్థలం మెట్లమీద కూచుంటే, మన దేశంలో ఇటువంటిది మరొకటి దొరకడం అరుదని తెలిసినవారెవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది.

కాశ్మీరు వెళ్ళలేదే అని మా అమ్మాయికి లోలోపల కొంచెం కినుకగా వుంది. మ్యూజియంలో తిరుగుతూ ఆమెకు బోధిశ్రీ శాసనం కథ చెప్పాను. వీరపురుషదత్తుని కాలంలో బోధిశ్రీ అనే ఉపాసిక ఇక్కడి సింహళ భిక్షువులకు చైత్యగృహం కట్టించి ప్రాకృతంలో శాసనం వేయించింది. ఆ ఆచార్యులు ధర్మం చాటిన దేశాల పేర్లు అందులో వరసగా వున్నాయి. కాశ్మీరం, గాంధారం, చీనం, వంగం, తామ్రపర్ణి... 

"అంటే, పదిహేడు వందల ఏళ్ళనాడే మన కృష్ణ ఒడ్డున కాశ్మీరం పేరు చెక్కారా నాన్నా?" అంది అమ్మాయి. అటు తరవాత కినుక కనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో లాంచీ సిబ్బందిలో ఒక నడివయసు మనిషి పెద్దనాయనతో మాట కలిపాడు.

"మా తాతగారి వూరు ఈ నీళ్ళకిందే వుందండీ. మా నాయన చిన్నప్పుడు బండిలో సామాను వేసుకుని వచ్చేశారంట. గుడిలో దేవుణ్ణి కూడా బండిలోనే తెచ్చుకున్నారంట."

పెద్దనాయన చాలాసేపు నీళ్ళలోకి చూస్తూ వూరుకున్నారు. ఒడ్డుకు వచ్చాక నాతో అన్నారు:

"నీళ్ళొచ్చిన దినం మేం డప్పులు కొట్టి, కొబ్బరికాయలు కొట్టి పండుగ చేసినంరా. గా దినమే ఈడ ఇంకొకని పొయ్యిల నీళ్ళు జొచ్చినయ్. మనూళ్ళె ఒక్కనికన్న ఆ వూరి పేరు తెల్వది."

ఎడమ కాలువ కింద సుమారు పది లక్షల ఎకరాలున్నాయని మేము పాఠాల్లో చెబుతాం. ఆ అంకె వెనక రెండో పద్దు ఒకటున్నదని ఆయన ఒక్క మాటలో చెప్పారు. నాగరికతను కాపాడడానికి ఇటుకలను లెక్కపెట్టి కొండెక్కించాం. మంచిదే. బండ్లమీద వెళ్ళిపోయినవారి వూళ్ళ పేర్లు కూడా అదే మ్యూజియంలో ఒక పలకమీద చెక్కితే, చూడవచ్చిన మాబోటి ఆయకట్టువాళ్ళు ఒక్క నిమిషం నిలబడి చదువుకుంటారు గదా అనిపించింది.

రెండోరోజు దేవరకొండకు దారి తీశాం. ఏడు కొండల నడుమ రేచెర్ల పద్మనాయకుల కోట ఇది. పద్నాలుగో శతాబ్దంలో కాకతీయ రాజ్యం కూలిపోయాక రాచకొండలో అనపోతానాయకుడు, దేవరకొండలో అతని తమ్ముడు మాదానాయకుడు నిలదొక్కుకున్నారు. అనపోతుని కొడుకు సింగభూపాలుడే సంస్కృతంలో రసార్ణవసుధాకరం రచించినవాడు. ఎమ్మే తరగతిలో రససిద్ధాంతం చదువుకునే రోజుల్లో ఆ పేరు వినగానే నాకు ఏవో పాలరాతి మందిరాలు మనసులో మెదిలేవి. ఇక్కడికి వచ్చి, ఈ నల్లని గండశిలలూ ముళ్ళపొదలూ చూశాక, కత్తి ఒరలో పెట్టడానికి తీరికలేని ఆ బతుకుల్లో రసాన్ని గురించి ఆలోచించినవారిమీద గౌరవం రెట్టింపయింది.

ఎండ తీక్షణం కాకముందే కోట ఎక్కాలి. ఒక ద్వారం దాటితే మరొక ద్వారం, గోడ వెనక గోడ. కొండకూ కొండకూ నడుమ వున్న సందును రాతిగోడతో బిగించారు. పైన కోనేళ్ళున్నాయి. ముట్టడి వచ్చినప్పుడు కోటను కాపాడేది కత్తులకంటె ముందు నీళ్ళేనని వాటిని చూస్తే తెలుస్తుంది. మా ఆవిడ సగం దూరం వచ్చి, "మీ రాజులు ఇంత ఎత్తున ఎందుకు కాపురం పెట్టారండీ!" అని ఒక బండమీద కూచుంది. గోడలమీద మొలిచిన రావిమొక్కలు రాళ్ళను విడదీస్తున్నాయి. ఇప్పుడు పీకితే చేత్తో పోయే మొక్కలు. పదేళ్ళు పోతే గోడతో సహా పోతాయి.

మధ్యాహ్నం డిండి జలాశయం పక్కన చెట్టుకింద పులిహోర, పెరుగన్నం తిన్నాం. అక్కడినించి శ్రీశైలం దారి పట్టుకుంటే, కొంతసేపటికి నేల ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. అదే అమరాబాదు పీఠభూమి. ఈ ఎక్కుడుకు ఒక పక్కన శ్రీశైలానికి ఉత్తరద్వారమని చెప్పే ఉమామహేశ్వరం వుంది. కొండ గుండెల్లో ఒదిగిన గుడి. చలికాలంలో కూడా రాతిలోంచి నీటిచుక్కలు జారుతూనే వున్నాయి. ఆ రాత్రి మన్ననూరులో బస చేశాం. చీకటి పడ్డాక అడవి చప్పుళ్ళు తప్ప మరేమీ వినిపించలేదు. పట్టణవాసానికి అలవాటుపడ్డ చెవులకు నిశ్శబ్దం కూడా ఒక వింతే.

మూడోరోజు తెల్లవారి అటవీశాఖవారి బండిలో ఫరహాబాదు వెళ్ళాం. ఫరహా అంటే పారశీకంలో ఆనందం. నిజాం ప్రభువులు వేటకు విడిది చేసిన చోటు. వేటకు వచ్చినవాళ్ళు పెట్టిన పేరు గనక అది వాళ్ళ ఆనందమే గాని పులులది కాదు. కాలం తిరగబడింది. 1983లో ఇది పులుల రక్షిత ప్రాంతంలో భాగమయింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోని భాగానికి అమరాబాదు పేరు వచ్చింది. 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. పీఠభూమి అంచున నిలబడితే కాళ్ళకింద అడవి లోయలోకి జారిపోతుంది. ఎక్కడో దిగువన చెరువులు అద్దపు ముక్కల్లా మెరుస్తున్నాయి. మాకు పులి కనపడలేదు. దుప్పుల మంద, నెమళ్ళు, ఇసుకలో ఒక్క అడుగుజాడ. దానితోనే మా అమ్మాయికి రోజంతా గడిచిపోయింది.

ఈ అడవికి అసలు గృహస్థులు చెంచులు. ఆస్ట్రియన్ మానవశాస్త్రజ్ఞుడు హైమెన్ డార్ఫ్ 1940లో వీరి నడుమ వుండి, 1943లో వీరిమీద గ్రంథం ప్రచురించాడు. చెంచుల నివాసాన్ని పెంట అంటారు. దోమలపెంట, సున్నిపెంట అనే పేర్లు విని నవ్వే ప్రయాణికులను చూశాను. మన వాడుకలో ఆ మాటకు చెత్తకుప్ప అని అర్థం. నల్లమలలో అది నాలుగు గుడిసెలు, పొయ్యిలో నిప్పు, పసిపిల్లల కేరింత. తెలుగు ఒక్కటే అయినా అర్థం చెప్పవలసింది ఆ నేలమీద కాపురముండేవారు.

దారిలో ఒక పెంట దగ్గర ఆగినప్పుడు, తేనె తీసే సంగతి ఒక చెంచు పెద్ద చెప్పాడు. కొండచరియకు తాడు కట్టి మనిషి కిందికి దిగుతాడు. పైన తాడు పట్టుకునేది మాత్రం బావమరిది.

"అన్నదమ్ముడు పట్టుకోకూడదా?" అంది మా ఆవిడ.

"అన్నదమ్ముడికి పాలు పంచుకోవాలనే బుద్ధి పుడితే పుడతది తల్లీ. బావమరిది తన అక్క తాళి తెంపుకుంటడా?" అన్నాడాయన.

ఎన్ని ధర్మశాస్త్రాలు చదివితే ఇంత లోకజ్ఞానం వస్తుంది! ఈ నేలకింద యురేనియం వున్నదని అన్వేషణకు పూనుకున్నప్పుడు వీరు ఎదురుతిరిగారు. వీరికి తోడుగా రాష్ట్రమంతటా గొంతులు లేచాయి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆ మాట చెబితే పెద్దనాయన, "సాగరం కట్టిన నాడు అడిగెటోళ్ళు లేరు. ఈసారన్న అడిగిన్రు" అన్నారు.

దోమలపెంట దాటితే మలుపులు. లోయ అడుగున కృష్ణ. శ్రీశైలం ఆనకట్ట దగ్గర రెండు వైపులా కొండలు గోడల్లా నిలబడి, నదిని ఇరుకున పెట్టాయి. ఈ జలాశయం నిండు మట్టం 885 అడుగులు. దీనికోసం కూడా 1981లో కర్నూలు, మహబూబ్ నగరు జిల్లాలలో వందకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఇక్కడ కరెంటు చేసి దిగిన నీరే సాగరం చేరి, అక్కడినించి మా కాలువలోకి వస్తుంది.

శ్రీశైలానికి ఒకనాడు జనం ఎలా వచ్చారో తెలియాలంటే పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం చదవాలి. యాత్రికుల పాటలు, పడిన పాట్లు అన్నీ అందులో వున్నాయి. ప్రోలయ వేమారెడ్డి ఇక్కడా, అహోబిలంలోనూ మెట్లు కట్టించి ఆ పాట్లు కొంత తగ్గించాడు. గుడి చుట్టూ వున్న ప్రాకారపు గోడను మాత్రం తొందరపడకుండా, నాలుగు వైపులా నడిచి చూడండి. ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు, ఊరేగింపులు, శివకథలు రాతిమీద బారులు తీరి వున్నాయి. దర్శనానికి పరుగెత్తే జనంలో గోడ చూసేవారు పదిమందైనా వుండరు. లోపలి దేవుణ్ణి చెంచులు చెంచుమల్లయ్య అని తమ ఇంటి అల్లుడిగా కొలుస్తారు. అల్లుడింటికి వచ్చిన చుట్టాలం మనం.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ముసలివారు, పసిపిల్లలు వుంటే దేవరకొండ పొద్దున్నే ఎక్కించండి. మంచినీళ్ళు వెంట వుంచుకోండి. అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను పోనివ్వరు గనక వెలుతురుండగానే మన్ననూరు దాటండి. దారిలో కోతులకు తిండి పడవెయ్యకండి. తిన్న పొట్లాల కాగితాలు, సీసాలు మళ్ళీ మీ సంచిలోనే ఇంటికి తెచ్చుకోండి. అన్నిటికంటె ముఖ్యం, లాంచీలో గాని పెంటలో గాని ఎవరైనా మాట కలిపితే, "మీదే వూరు?" అని అడగండి. వారు చెప్పిన పేరు గుర్తుపెట్టుకోండి.