కమిషనర్ ఒప్పుకోలు, నా ఒప్పుకోలు

మొన్న చలికాలంలో ఒక ఆదివారం రాత్రి మయూర్ విహార్ ఫేజ్-1లోని మా ఇంట్లో ముగ్గురం కూర్చుని ఒక పాత ఇటలీ పోలీసు సినిమా చూశాం. నేను, కింది ఫ్లోరులో ఉండే మిత్రుడు, లా చదువుతూ సెలవులకి ఇంటికొచ్చిన మా అమ్మాయి. మిత్రుడు నాలాగే రిటైరైన ప్రభుత్వోద్యోగి, నాలాగే హేతువాది. దేవుణ్ణి నమ్మడు, జాతకాలు నమ్మడు. పోలీసు తుపాకీని మాత్రం నమ్ముతాడు. నవ్వకండి, నేనూ చాలాకాలం అంతే.

ఆ సినిమా పేరు చాంతాడంత ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే 'రిపబ్లిక్ ప్రాసిక్యూటర్‌కి ఒక పోలీసు కమిషనర్ ఒప్పుకోలు'. 1971లో దమియానో దమియాని తీశాడు. మాస్కో చలనచిత్రోత్సవంలో బహుమతి కూడా వచ్చింది. కథ సిసిలీలో జరుగుతుంది. లొమున్నో అనే బిల్డింగ్ కాంట్రాక్టరు మాఫియా మనిషి. ఊళ్ళో రాజకీయ నాయకులు అతని జేబులో ఉంటారు. ఏ కేసూ అతని మీద నిలవదు. విసిగిపోయిన కమిషనర్ బొనావియా (మార్టిన్ బాల్సమ్) ఒక పని చేస్తాడు. లొమున్నో మీద పగతో రగిలిపోతున్న ఒక మతిస్థిమితం లేని ఖైదీని పిచ్చాసుపత్రి నుంచి విడుదలయ్యేలా చూస్తాడు. వీడే వెళ్ళి వాణ్ణి చంపుతాడని లెక్క. లెక్క తప్పుతుంది. లొమున్నో బతుకుతాడు, ఖైదీ చస్తాడు. చట్టం మీద నమ్మకమున్న కుర్ర ప్రాసిక్యూటర్ (ఫ్రాంకో నేరో) కమిషనర్నే అనుమానిస్తాడు. చివరికి కమిషనర్ తనే వెళ్ళి లొమున్నోని కాల్చేసి లొంగిపోతాడు.

కాల్చగానే మా మిత్రుడు చప్పట్లు కొట్టాడు. నిజం చెప్పాలంటే నా చేతులూ కదిలాయి. 'అంకుశం'లో రాజశేఖర్ రామిరెడ్డిని నడిరోడ్డు మీద కొట్టుకుంటూ ఈడ్చుకెళ్ళినప్పుడు హాలంతా ఈలలు వేసిన తరం మాది.

మా అమ్మాయి మాత్రం "లొమున్నోయే చంపించాడని ఆయనకి ఎలా తెలుసు?" అంది.

"సినిమాలో చూపించారు కదమ్మా!" అన్నాడు మిత్రుడు.

"అంకుల్, మీకు చూపించారు. నిజం ఊళ్ళో ఎవరు చూపిస్తారు?"

ఈ ప్రశ్న మనకి కొత్తదా? విభూతి తీసే బాబాల్ని మనం అడిగేది ఇదే. నీకెలా తెలిసింది, పరీక్ష పెట్టు, మా ముందు చెయ్యి అంటాం. పోలీసు ఆఫీసరు "వాడే నేరస్తుడు" అంటే మాత్రం మన హేతువాదం చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికెళ్తుంది.

మా ఇంటి నుంచి యమున దాటితే కన్నాట్ ప్లేస్ ఎంతో దూరం లేదు. 1997 మార్చి 31న పట్టపగలు అక్కడి బారాఖంబా రోడ్డులో ఢిల్లీ క్రైమ్ బ్రాంచి పోలీసులు ఒక మారుతీ ఎస్టీమ్ కారుని చుట్టుముట్టి కాల్పులు జరిపారు. కార్లో ఉన్నది ఉత్తరప్రదేశ్ గ్యాంగ్‌స్టర్ అనుకున్నారు. ఉన్నది ముగ్గురు మామూలు మనుషులు. ఇద్దరు వ్యాపారులు చనిపోయారు, మూడో మనిషి గాయాలతో బతికాడు. లోపలివాళ్ళు ముందు కాల్చారన్నారు. కార్లో పిస్తోలు దొరికిందన్నారు. ఆ పిస్తోలు తరవాత పెట్టిందని సీబీఐ తేల్చింది. ఒక ఏసీపీతో సహా పది మంది పోలీసులకి 2007లో యావజ్జీవ శిక్ష పడింది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. చనిపోయినవాళ్ళు వ్యాపారులు కాక, ఎవరూ లేని కూలివాళ్ళయితే? ఆ పిస్తోలు కథే ఇవాళ్టికీ చరిత్రగా మిగిలేదేమో.

ఇక నా ఒప్పుకోలు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి మా అమ్మాయి ముందు చెప్పాను.

2003లో మా ఆవిడ బంగారు గాజు ఒకటి కనిపించలేదు. కాలనీలో కార్లు కడిగే పదహారేళ్ళ కుర్రాడు బకెట్టు నీళ్ళ కోసం రోజూ మా ఇంట్లోకి వచ్చేవాడు. ఇంకెవరు తీస్తారు? పోలీసులకి చెప్పాను. ఏ స్టేషనో ఇక్కడ అనవసరం. నా ఎదురుగానే నాలుగు తగిలించారు. మొదట లేదన్నాడు. తరవాత తీశానన్నాడు. ఫలానా కొట్టులో అమ్మానన్నాడు, ఎంతకి అమ్మాడో కూడా చెప్పాడు. అంత వివరంగా చెప్పాక ఇంకా అనుమానం దేనికి? కొట్టువాడు నేను కొనలేదు మొర్రో అన్నాడు. "దొంగసొత్తు కొన్నవాడు ఒప్పుకుంటాడా సార్?" అన్నారు పోలీసులు. నేనూ తలూపాను. చూడండి, కుర్రాడు ఒప్పుకున్నా రుజువే, కొట్టువాడు కాదన్నా రుజువే! జ్యోతిష్కుడు అచ్చం ఇలా మాట్లాడితే మనం స్టేజీ ఎక్కి ఉతికి ఆరేస్తాం.

సంక్రాంతికి మా ఆవిడ బొమ్మల కొలువు పెట్టబోతూ బొమ్మల పెట్టె తీసింది. అడుగున పాత చీర మడతలో గాజు ఉంది. ఊరెళ్ళేటప్పుడు తనే దాచి మరిచిపోయింది.

నేను పరుగెత్తి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. "ఇది కాకపోతే ఇంకోటి చేసుంటాడు లెండి" అని నవ్వాడు అక్కడి ఉద్యోగి. కుర్రాడు మళ్ళీ మా కాలనీకి రాలేదు. నేను వెతికి వెళ్ళి క్షమించమని అడగనూ లేదు. అదీ నా హేతువాదం.

పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్లోనే ఉండేది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో కూడా ఆ నియమం ఉందని మా అమ్మాయి చెప్పింది. తెల్లదొరలకి కూడా తెలిసిన సంగతి నాకు తెలియలేదు. పోనీ, గాజు దొరికాకైనా బుద్ధొచ్చిందా? 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని కాల్చేశారన్న వార్త చూసి వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మ పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఏమందో 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. ఆ బొమ్మని ఇప్పుడు వెనక్కి తీసుకోవడం కుదరదు.

"సరే, చట్టమే అమ్ముడుపోతే?" అన్నాడు మిత్రుడు. న్యాయమైన ప్రశ్న. సినిమాలో ఆ ప్రాసిక్యూటర్ పైఅధికారి కూడా మాఫియా తాలూకు మనిషే. దమియాని ఆ విషయం దాచలేదు.

దీనికి జవాబు అసలు పాలెర్మోలో ఉంది. సినిమా వచ్చిన తొమ్మిదేళ్ళకి, 1980లో, జొవాన్ని ఫాల్కొనే అనే మేజిస్ట్రేటు తుపాకీ పట్టలేదు, బ్యాంకు కాగితాలు పట్టాడు. డాలర్లు మార్చిన రసీదులు, చెక్కులు ఒక్కొక్కటే చూసుకుంటూ హెరాయిన్ డబ్బు ఎవరి చేతికి చేరుతోందో తవ్వాడు. 1982లో మాఫియా సభ్యత్వమే నేరమని, ఆస్తులు జప్తు చెయ్యొచ్చని చట్టం వచ్చింది. దాని కోసం పోరాడిన పియో లా తొర్రేని అంతకుముందే చంపేశారు. 1986 ఫిబ్రవరిలో జైలు పక్కనే కట్టిన కాంక్రీటు కోర్టులో దాదాపు 475 మంది మీద విచారణ మొదలైంది. మూడు వందల మందికి పైగా శిక్షలు పడ్డాయి. 114 మంది నిర్దోషులుగా బయటికొచ్చారు.

మిత్రుడు ఈ 114 దగ్గర పెదవి విరిచాడు. నాకు మాత్రం మొత్తం కథలో నమ్మకం కలిగించే అంకె అదే. తప్పని తేలే అవకాశం లేని పరీక్ష పరీక్షే కాదని మనమే కదా చెప్తాం? ఆ 114 మందిని వదిలారు కాబట్టే మిగతావాళ్ళ శిక్షలకి విలువ.

ఇది చౌకగా రాలేదు. 1992 మేలో ఫాల్కొనేని, జులైలో బొర్సెల్లినోని బాంబులతో చంపారు. అయినా మర్నాడు పోలీసులు ఎవరినో పొలాల్లోకి తీసుకెళ్ళి కాల్చి పూలు చల్లించుకోలేదు. చంపించిన తొత్తో రియీనాని 1993 జనవరిలో ప్రాణాలతో పట్టుకున్నారు. 2017లో ఖైదీగానే చచ్చాడు.

మిత్రుడు ఒప్పుకోలేదు. "వచ్చే ఆదివారం ఇంకో సినిమా తెస్తాను" అని లేచాడు. తెమ్మన్నాను. తుపాకీలంటే నాకిప్పటికీ సరదాయే, సినిమాలో అయితే. కానీ ఈసారి గ్రూపులో ఎన్‌కౌంటర్ వార్త వస్తే చప్పట్ల బొమ్మ బదులు, బాబాల్ని అడిగే ప్రశ్నే అక్కడా అడుగుతాను. మీకెలా తెలుసు?

మీరు కూడా అడుగుతారా?