పోపులో కొండ ఉల్లి

ఉత్తరాఖండ్ వంటలు నేర్పేవాళ్ల నోట ఒక సలహా తరచుగా వినిపిస్తుంది: ‘జంబూ దొరక్కపోతే ఇంగువ వేసుకోండి.’ పోపు విలువ తెలిసినవాళ్లకు ఒళ్లు మండే మాట ఇది. గోంగూర దొరక్కపోతే పాలకూరలో చింతపండు పిసుక్కోమన్నట్టుంది.

ఇక్కడ జంబూ అంటే నేరేడు కాదు. హిమాలయాల్లో 2500 మీటర్లు దాటిన ఎత్తున, కొండవాలుల్లో రాళ్ల మధ్య మొలిచే అడవి ఉల్లి. గఢ్వాల్‌లో దీన్ని ఫరన్ అంటారు. వృక్షశాస్త్రం పెట్టిన పేరు అల్లియం స్ట్రాచీయై. 1840లలో కుమావూ, గఢ్వాల్ కొండల్లో మొక్కలు సేకరిస్తూ 1848లో మానస సరోవరం దాకా వెళ్లిన రిచర్డ్ స్ట్రాచీ పేరు మీద వచ్చిందది. నేపాల్‌లోని ముస్తాంగ్ ప్రాంతంలోనూ జింబూ అనే దినుసు ఉంది. అక్కడ ఆ పేరుతో దీని దగ్గరి బంధువులను వాడతారు.

మన ఉల్లిలా గడ్డ కోసం పెంచేది కాదు ఇది. సన్నటి ఆకు, పూలగుత్తి, ఈ రెండే సరుకు. చలికాలంలో పైమొక్క ఎండిపోతుంది, గడ్డ మంచు కింద బతికే ఉంటుంది, మంచు కరగగానే మళ్లీ చిగురిస్తుంది. నీతి, మాణా లోయల్లోని భోటియా తెగవాళ్లు వేసవిలో పై ఊళ్లకు చేరి, పెరటి మళ్లలో కూడా దీన్ని పెంచుతారు. ఆకు కోసి ఎండబెడతారు. శీతకాలానికి కిందికి దిగేటప్పుడు అది కూడా వాళ్లతోపాటు దిగుతుంది. సంక్రాంతికి బాగేశ్వర్‌లో జరిగే ఉత్తరాయణి జాతరలో భోటియాల దగ్గర ఉన్ని దుప్పట్లతోపాటు జంబూ కూడా కొనుక్కోవచ్చు.

అసలు సంగతి పోపులోనే ఉంది. నెయ్యి బాగా కాగాక చిటికెడు ఎండాకు వేస్తే క్షణాల్లో రంగు మారి గుప్పున వాసన లేస్తుంది. మాడకముందే పప్పులో గుమ్మరించాలి. ఆ పప్పు చాలాసార్లు గహత్, అంటే సాక్షాత్తూ మన ఉలవలు! ఉలవచారు తాగి పెరిగినవాళ్లకు అది పరాయి వంట ఎలా అవుతుంది? ఆవాలు చిటపటమన్నాక ఎండుమిర్చి, ఆఖరున కరివేపాకు వేసే చేతికి, ఏది ఎప్పుడు వేయాలో, ఎప్పుడు దించాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. పోపు వాసనలు నూనెలోకి, నేతిలోకి దిగితేనే వంటంతా పరుచుకుంటాయి. ఎక్కువసేపు ఉడికితే ఆవిరైపోతాయి. అందుకే పోపును ముందే పెట్టేసి గంటసేపు ఉడికించే అలవాటును క్షమించడం కష్టం.

ఆ కొండల్లో మరో పోపు దినుసు జఖియా. మన పొలం గట్ల మీద పచ్చటి పూలు పూసే కుక్కవామింట గింజలే అవి. ఇక్కడ కలుపని పీకి పారేస్తాం, అక్కడ ఆలుగడ్డల వేపుడుకు అవి లేకపోతే ముద్ద దిగదు.

ఇక మొదటి సలహాలోని ఇంగువది వేరే కులం, కొత్తిమీర కుటుంబం. వేరు నుంచి కారే పాలు గడ్డకడితే వచ్చే బంక అది. అదీ చలికొండల మొక్కే. అఫ్గానిస్తాన్, ఇరాన్ నుంచి తెచ్చుకునే దాన్ని మన దేశంలోనే పండించాలని 2020 అక్టోబరులో లాహౌల్ లోయలో మొక్కలు నాటారు. ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్లలో ఆ ఘాటు లోటు తీర్చేది ఇంగువే. జంబూ అచ్చమైన ఉల్లి. ఉల్లి ముట్టనివారి కోసం ఉన్నదాన్ని తెచ్చి ఉల్లి స్థానంలో కూర్చోబెడితే రెండింటికీ అన్యాయమే.

కానీ జంబూకు గిరాకీ పెరిగితే ఆ అడవి మొక్కకు చేటు. ఆకు కోసుకుంటే మళ్లీ వస్తుంది, గడ్డతో పెరికితే ఆ చోట ఇక ఉండదు. భారత రెడ్ డేటా బుక్ దీన్ని ముప్పున్న మొక్కల్లో ఎప్పుడో చేర్చింది. కాబట్టి జంబూ కొనేవాళ్లు ఒక్క ప్రశ్న అడగండి: ఇది పెరట్లో పండించిందా, కొండ మీద పెరికిందా? జవాబు రాకపోతే కొనకండి. ఆ పూటకు ఉలవలకు జీలకర్ర పోపు పెట్టుకోండి.