కాడి

మాది తెనాలి పక్కన నందివెలుగు. నాయన ఒకప్పుడు పాలేరు. నాకు ఊహ తెలిసేసరికే కూలికి పోతున్నాడు. పాలేరుతనం ఎందుకు మానాడో ఎప్పుడూ చెప్పలేదు. అక్షరం ముక్క రాదు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. రాత్రిళ్లు నాయనకి బైబిలు చదివి వినిపించడం నా పని.

ఆయనకి ఏశావు కథంటే ప్రాణం. ఆకలికి తాళలేక, ఒక్కపూట చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వం అమ్ముకున్నవాడు ఏశావు. "బస్తా వడ్లకి ఏడాది పాలేరుతనం ఒప్పుకున్నట్టే గదరా" అనేవాడు నాయన.

ఆదికాండం 27వ అధ్యాయంలో ముసలి ఇస్సాకు ఏశావుకి ప్రవచనం చెబుతాడు. తమ్ముడికి ఊడిగం చేస్తావు, కానీ ఒకనాటికి వాడి కాడిని నీ మెడ మీంచి విరిచేస్తావు అని. ఎప్పుడు విరుస్తాడు? మన తెలుగు బైబిల్లో అక్కడ 'తిరుగులాడు' అన్న మాట ఉంది. సండే స్కూల్లో అడిగితే, దేశం పట్టుకు తిరగడమని చెప్పారు. పైగా దాసులు యజమానులకు లోబడాలన్న వాక్యం కలిపారు. నేను నమ్మాను. నాయన్ని చూస్తే నమ్మబుద్ధయ్యేది. ఏ ఆసామి ఎదురొచ్చినా తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునే మనిషి. కాలేజీలో చేరాక ఆ వంగిన నడుం చూస్తే నాకు సిగ్గేసేది.

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. కొందరి శవాల్ని గోనెసంచుల్లో కట్టి కాలవలో పారేశారు. అప్పటికి నాకు ఏడాది నిండలేదు. 2007లో, ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. ఆ రాత్రి నాయన అన్నం ముట్టలేదు. "ఏశావుది సదువయ్యా" అన్నాడు. చదువుతుంటే, కాడి మాట రాగానే అమ్మ అందుకుంది.

"ఆ ఊరి మనోళ్లంతా తెనాలి సాల్వేషన్ ఆర్మీ చర్చి ఆవరణలో పడుంటే, మీ నాయన పేటంతా తిరిగి బియ్యం పోగేశాడు. అన్నం వండించి సైకిలు మీద ఏసుకెళ్లాడు. పోవద్దని ఆసామి కబురెట్టినా ఇనలా. తెల్లారి పన్లోకి రావద్దన్నాడు ఆసామి. నువ్వు సంకలో పిల్లోడివి. ఆ ఏడు మనం ఏం తిన్నామో నాకు తెలుసు."

నాయన విసుక్కున్నాడు. "ఎద్దు మెడ ఇదిలించందే కాడి ఊడుద్దా? ఇంక సదువు."

నాకు గొంతు పెగల్లేదు.

తర్వాత నేనే వెతుక్కున్నాను. రాజులు రెండో గ్రంథం 8వ అధ్యాయంలో, ఏశావు సంతానమైన ఎదోమీయులు యూదా రాజు యెహోరాము మీద తిరగబడి సొంత రాజుని పెట్టుకున్నారు. అంటే ప్రవచనం నెరవేరింది తిరుగుబాటుతోనే, ఊళ్లు తిరగడంతో కాదు. ఈ సంగతి నాయనకి చెప్పాను. ఏశావు 400 మందితో ఎదురొచ్చి కూడా తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు కదా అని కూడా అన్నాను. "ముందు కాడి ఇరగాలి గదరా, కావిలింతలు తరవాత" అన్నాడు.

నాయన పోయి మూడేళ్లయింది. నేను సర్కారు బడి పంతుల్ని. ఏటా ఆగస్టు 6న చుండూరు వెళ్లడానికి సెలవుచీటీలో 'జ్వరం' అని రాసేవాణ్ణి. ఉద్యోగం భయం. పోయినేడు మాత్రం 'చుండూరు అమరుల సభకు వెళ్లాలి' అని రాశాను. హెడ్మాస్టరు రెండుసార్లు చదివి, నా మొహం చూసి, సంతకం పెట్టారు.